మామయ్య లైను

ఆ నాలుగంతస్తుల మేడలో ఆమెని అందరూ టెస్టరమ్మ అనేవాళ్ళు. చొక్కా జేబులో పెన్ను ఉండాల్సిన చోట ఎప్పుడూ టెస్టరు ఉంటుంది కాబట్టి ఆ పేరు అలా ఉండిపోయింది. వైరింగు, నీళ్ళ మోటారు, లిఫ్టు కరెంటు, మెట్ల కింద ఉన్న మెయిన్ ప్యానెలు, అన్నీ ఆమె చేతి మీదే నడుస్తాయి. మూడో అంతస్తులో ఒంటరిగా ఉండే పెద్దాయన ఆమెకి స్వయానా మేనమామ. రైల్వే స్టేషన్లో మైకు ముందు కూర్చుని, ఏ బండి ఏ ప్లాట్‌ఫారం మీదికి వస్తుందో చెప్పి చెప్పి రిటైరైన మనిషి. ఇంట్లో మంచినీళ్ళు కావాలన్నా స్టేషనంతా వినపడేట్టే అడిగేవాడు. "ఈయన గొంతు విని భయపడి పెళ్ళికి ఒప్పుకున్నాను" అని అత్తయ్య ఏడిపించేది.

ఆ అత్తయ్య పోయి చాలా నెలలైంది. జబ్బు ముదిరాక ఆమెని ముందుగది పక్కనే ఉన్న చిన్న గదిలో పడుకోబెట్టారు. అక్కడే పోయింది. తర్వాత మామయ్య బయటికి రావడం తగ్గించేశాడు. టెస్టరమ్మ వారానికోసారి వెళ్ళి ఇల్లు సర్ది, ఆయన చేత నాలుగు మాటలు మాట్లాడించి వచ్చేది. మాట్లాడించడమే కష్టమైన పని.

ఒక సాయంత్రం ఆమె తలుపు తీసుకుని వెళ్ళేసరికి ఇల్లంతా చీకటి. బయట ఇంకా ఎండ పూర్తిగా పోలేదు గానీ, కిటికీలన్నిటికీ నల్ల దుప్పట్లు కట్టేసి ఉన్నాయి. మామయ్య ముందుగదిలో కుర్చీ వేసుకుని, చిన్న గది తలుపు బార్లా తెరిచి, లోపలికి చూస్తూ కూర్చున్నాడు.

"ఏంటి మామయ్యా, ఇంట్లో సినిమా హాలు పెట్టావా?"

"ష్. వచ్చి కూర్చో బుజ్జీ. చప్పుడు చెయ్యకు."

చిన్న గదిలో ఖాళీ మంచం. మంచం పైన గోడకి ఒక ఎల్‌ఈడీ బల్బు. అది వెలుగుతోంది. వెలుగుతోంది అనడం కూడా ఎక్కువే, గాజు లోపల ఎవరో ఊపిరి వదిలినట్టు ఒక మసక తెలుపు, అంతే. ఆమె చెయ్యి అలవాటు కొద్దీ స్విచ్చు మీదికి పోయింది. స్విచ్చు ఆపేసే ఉంది.

"ఉన్నావా?" అని మామయ్య బల్బుని అడిగాడు. స్టేషను గొంతుతో కాదు. ఆయన గొంతు అంత చిన్నగా పలకగలదని ఆమెకి అప్పటిదాకా తెలియదు.

జవాబు వెంటనే రాలేదు. ఆయన తొందరపడలేదు, మోకాళ్ళ మీద చేతులు పెట్టుకుని కూర్చున్నాడు. కాసేపటికి ఆ మసక తెలుపు మెల్లగా నిండింది. మంచం మీద మడత పెట్టిన దుప్పటి అంచులు కనిపించాయి. దిండు మీద తల ఆనిన గుంట కనిపించింది. మళ్ళీ మెల్లగా తగ్గిపోయింది.

 ఇది ఎందుకు జరుగుతుందో టెస్టరమ్మ బుర్ర అప్పటికే లెక్క వేసేసింది. అయినా చెయ్యి స్విచ్చు మీంచి వెనక్కి తీసేసుకుంది.

"రోజూ ఇంతే," అన్నాడు మామయ్య. "ఎండ దిగే వేళకి వస్తుంది. ముప్ఫై ఏళ్ళు మైకులో మాట్లాడాను, ఒక్కడు కూడా తిరిగి పలకలేదు. ఇప్పుడు పలుకుతోంది."

మర్నాడు ఆమె మీటరు పట్టుకుని మెట్ల కింద కూర్చుంది. రెండు వందల ముప్ఫై ఉండాల్సిన ఓల్టేజి మామయ్య ఫేజులో రెండు వందల డెబ్భైకి ఎక్కుతోంది, పక్క ఫేజులో నూట తొంభైకి పడుతోంది. కాసేపటికి మళ్ళీ సర్దుకుంటోంది. ఆమె అనుకున్నదే. వీధిలోకి వచ్చే ఫేజు తీగలు మూడు, తిరిగి వెళ్ళే న్యూట్రల్ తీగ ఒక్కటి. వీధి చివర కరెంటాఫీసు వాళ్ళ పెట్టెలో ఆ న్యూట్రల్ జాయింటు వదులైంది. అందుకే ఒకరింట్లో దీపాలు మండిపోతుంటే పక్కింట్లో ఆవులిస్తున్నాయి. ఎదురుగా ఉన్న లాండ్రీ ఆయన సాయంత్రం హీటర్లన్నీ ఒకేసారి వేస్తాడు. అప్పుడే మామయ్య ఫేజు పైకి ఎగుస్తుంది. చిన్న గదిలో స్విచ్చు ఫేజుకి బదులు న్యూట్రల్‌కి, అంటే తప్పు తీగకి, బిగించి ఉంది కాబట్టి, ఆపేసినా బల్బుకి కాస్త కాస్తగా కరెంటు అందుతూనే ఉంటుంది. ఓల్టేజి ఎగిసినప్పుడు బల్బు "పలుకుతుంది".

ఇదంతా ఆయనకి చెప్పాలంటే నోరు రాలేదు. చెప్పకపోతే ప్రమాదం. ఆ సాయంత్రం మామయ్య పక్కనే కూర్చుని లాండ్రీ ఆయనకి ఫోను చేసింది.

"హీటర్లు వేశారా?"

"ఇంకా లేదమ్మా. ఇప్పుడే వచ్చాను."

"ఒక్కసారి వెయ్యండి."

బల్బు నిండుగా వెలిగింది.

"ఆపండి."

తగ్గిపోయింది. మళ్ళీ వెయ్యమంది, మళ్ళీ నిండింది. ఆమె ఫోను పెట్టేసి మామయ్య వంక చూసింది. ఆయన మొహంలో కోపం లేదు, ఆశ్చర్యం కూడా లేదు. చిన్నపిల్ల మొదటిసారి ఎక్కం అప్పజెప్పినప్పుడు పెద్దవాళ్ళు చూసే చూపు చూశాడు.

"లాండ్రీ వల్లే అంటావు."

"అవును మామయ్యా."

"మీ అత్తయ్య రావాలంటే ఏదో ఒక దారి ఉండాలి కదా బుజ్జీ. నడిచి రాలేదు. లాండ్రీ దారిన వస్తోంది."

 ఆమె టీ పెట్టి ఇచ్చి, కిందికి దిగింది.

కానీ ఇది ఒక్క బల్బుతో పోయే సంగతి కాదు. ఆ జాయింటు ఇవాళ వదులుగా ఉంది, రేపు పూర్తిగా తెగుతుంది. తెగిన క్షణాన ఇళ్ళలోకి నాలుగు వందల ఓల్టుల దాకా దూసుకొస్తుంది. ఫ్రిజ్జులు, టీవీలు, ఫోను చార్జర్లు, ఏది ముందు అంటుకుంటుందో ఎవరూ చెప్పలేరు. ఆమె కరెంటాఫీసుకి వెళ్ళి ఇంజనీరుతో చెప్పింది. మర్యాదస్తుడే. శ్రద్ధగా విన్నాడు, ఆమె తెచ్చిన మీటరు రీడింగులు చూశాడు, నిజమేనన్నాడు. "ఆ పెట్టె మొత్తం మార్చాలి. సామాను రావాలి. అప్పటిదాకా బిగించి పెడతాం" అన్నాడు. లైన్‌మన్ వచ్చి బిగించాడు. రెండు రోజులు బాగానే ఉంది, మళ్ళీ మొదటికొచ్చింది.

అప్పుడామె మేడ వాళ్ళని కూర్చోబెట్టి చెప్పింది. వీధిలో జరిగేది మన చేతిలో లేదు, మన గుమ్మం మన చేతిలో ఉంది అంది. మెయిన్ ప్యానెల్లో ఒక రిలే, దాని కింద కాంటాక్టరు, అంటే దానంతటదే పడి లేచే ఒక పెద్ద స్విచ్చు, పెడదాం. రిలే ఎప్పుడూ ఓల్టేజిని కనిపెట్టుకుని ఉంటుంది. హద్దు దాటిందా, కాంటాక్టరుని పడగొడుతుంది, మేడకి కరెంటు ఆగిపోతుంది. బయట అంతా సర్దుకుని కాసేపు నిలకడగా ఉంటే మళ్ళీ దానంతటదే కలుపుతుంది. కింద క్లినిక్కు పెట్టుకున్న పళ్ళ డాక్టరు అందరికన్నా ముందు ఒప్పుకున్నాడు. ఆయన రోగుల కుర్చీలో ఉండే సర్క్యూటు బోర్డు ఒకటి అప్పటికే మాడిపోయింది.

ఆమె ఆదివారం పొద్దున్నే బిగించింది. సాయంత్రం లాండ్రీ ఆయన హీటర్లు వేశాడు. ప్యానెల్లో "టక్" మని శబ్దం. మేడంతా చీకటి. మెట్ల మీద ఎవరో "వచ్చిందండీ రక్షణ" అన్నారు, నవ్వులు వినిపించాయి. కాసేపటికి మళ్ళీ "టక్", దీపాలు వచ్చాయి. టెస్టరమ్మకి తృప్తిగా అనిపించింది. జేబులో టెస్టరు తట్టుకుని, మామయ్యకి చెప్పి వెళ్దామని పైకెక్కింది.

ఆయన కుర్చీలోనే ఉన్నాడు. చిన్న గదిలో బల్బు ఎప్పటిలాగే మసగ్గా ఉంది. ఆయన మాత్రం దాని వంక చూడడం లేదు. నేల వంక చూస్తున్నాడు.

"వచ్చింది బుజ్జీ," అన్నాడు. "గుమ్మం దాకా వచ్చింది. మొహం మీద తలుపేసినట్టు ఆగిపోయింది."

ఆమె ఏదో సర్దిచెప్పబోయింది. ఆయన వినలేదు. ఆ రాత్రి అన్నం తినలేదని, మర్నాడూ తినలేదని పక్కింటావిడ ఫోను చేసి చెప్పింది. ఆ తర్వాత రోజుల్లో ఆయన పూర్తిగా మాట మానేశాడు. బండి రద్దయిందని కూడా చెప్పకుండా మూసేసిన స్టేషన్లా ఉండేవాడు. ప్రతి సాయంత్రం నిండబోయే వెలుగు నిండకుండానే "టక్" మని ఆరిపోవడం, ఆయన భుజాలు కుంగిపోవడం, ఇదే వరస. ఒకరోజు ఆమె చెయ్యి పట్టుకుని అడిగాడు.

"అందరి ఇళ్ళూ కాపాడుకో. నా ఒక్కడి లైను వదిలెయ్యి. ఆవిడ ఒకసారి పోయింది, భరించాను. రోజూ సాయంత్రం పోతుంటే నావల్ల కాదు."

టెస్టరమ్మ పనిలో ఎన్నడూ మొహమాటానికి పోయిన మనిషి కాదు. ఎవరెంత బతిమాలినా తీగ దగ్గర తప్పు చెయ్యదని పేరు. కానీ అమ్మ పోయాక తనని బడికి తీసుకెళ్ళిన చెయ్యి అది. ఆమె కిందికి వెళ్ళి, మామయ్య ఇంటి లైనుని కాంటాక్టరుకి అవతల, వీధి వైపు కలిపేసింది. ఆ ఒక్క ఇంటికీ కాపలా లేకుండా చేసింది. కొత్త పెట్టె వచ్చేదాకానేగా, తర్వాత సరిచేస్తాను, అనుకుంది. ప్యానెలు మూత బిగిస్తుంటే ఒక స్క్రూ చేతిలోంచి రెండుసార్లు జారింది.

మామయ్య మళ్ళీ తినడం మొదలుపెట్టాడు. సాయంత్రాలు మేడంతా కాసేపు చీకటైనప్పుడు ఆ ఒక్క ఇంట్లో వెలుగు నిండేది. కరెంటు లేని మేడలో ఆ ఒక్క గదే వెలగడం వల్ల పక్కింటావిడకి భయం పట్టుకుంది. తలుపు కింది సందులోంచి తెల్లటి గీత కనిపిస్తుందని, లోపల మామయ్య ఎవరితోనో నవ్వుతూ మాట్లాడతాడని, మధ్యమధ్యలో ఆగి వింటాడని అందరికీ చెప్పింది. పిల్లలు మూడో అంతస్తు మెట్ల దగ్గర పరుగు తీసేవాళ్ళు. టెస్టరమ్మకి కారణమంతా తెలుసు. తెలిసినా, సాయంత్రం పూట ఆమె కూడా అక్కడ ఎక్కువసేపు నిలబడేది కాదు. ఒకసారి మామయ్య ఏదో జోకు చెప్పి నవ్వితే, బల్బు ఆ నవ్వుకి సరిగ్గా తగ్గట్టు రెండుసార్లు నిండి తగ్గింది. లాండ్రీకి ఆ రోజు సెలవు.

ఆ సంగతి ఆమె ఎవరికీ చెప్పలేదు. వీధిలో ఇంకెవరో ఏదో పెద్ద మోటారు వేసి ఉంటారు అనుకుంది.

గాలివాన రోజుల్లో ఒక మధ్యాహ్నం. టెస్టరమ్మ పళ్ళ డాక్టరు క్లినిక్కులో కొత్త ప్లగ్గు బిగిస్తోంది. పొద్దుటి నుంచీ గాలి విపరీతంగా ఉంది, వీధిలో రేకులు కొట్టుకుంటున్నాయి. ఉన్నట్టుండి వీధి చివర్నించి ఒక పెద్ద చప్పుడు. అదే క్షణంలో మెట్ల కింద "టక్" మంది. క్లినిక్కులో దీపాలు, ఫ్యాను, పళ్ళ డాక్టరు చేతిలో యంత్రం, అన్నీ ఆగిపోయాయి. ఎదురు వరసలో ఇళ్ళలోంచి ఫట్ ఫట్ మని ఏవేవో పేలుతున్నాయి. ఎవరో కేకేశారు.

"తెగింది," అంది టెస్టరమ్మ. "న్యూట్రల్ తెగింది. మనం బతికిపోయాం డాక్టరు గారూ."

ఆ మాట నోట్లోంచి పూర్తిగా రాకముందే ఆమెకి మామయ్య లైను గుర్తొచ్చింది. ప్లయర్సు అక్కడే పడేసి మెట్ల కిందికి పరిగెత్తింది. ప్యానెలు మూత లాగేసి, మామయ్య లైను బ్రేకరు చేత్తో పడగొట్టింది. ఆ తీగ వేడికి రంగు మారి ఉంది. అక్కడి నుంచి మూడు అంతస్తులూ ఎలా ఎక్కిందో ఆమెకి ఇప్పటికీ గుర్తులేదు.

తలుపు కిందనుంచి పొగ. తాళంచెవి ఆమె దగ్గరే ఉంది. తలుపు తీసేసరికి నల్లటి పొగ మొహానికి కొట్టింది. ఫ్రిజ్జు వెనక ఏదో మండి, కిటికీకి కట్టిన దుప్పటి ఒకటి రాజుకుని, మంట ఆరిపోయి ఇల్లంతా పొగతో నిండిపోయింది. పట్టపగలే అయినా మిగతా దుప్పట్లన్నీ కట్టే ఉన్నాయి కాబట్టి లోపల కన్ను పొడుచుకున్నా కనపడదు. ఆమె చొక్కా అంచు ముక్కుకి అడ్డం పెట్టుకుని నేల మీద మోకాళ్ళ మీద వంగింది.

"మామయ్యా."

ఉలుకూ పలుకూ లేదు. పాకుతూ కుర్చీ దాకా వెళ్ళింది. కుర్చీ ఖాళీ. చిన్న గదిలోకి పాకింది. చేతికి గాజు పెంకులు గుచ్చుకున్నాయి. బల్బు పేలిపోయింది. మంచం మీద, మంచం కింద తడిమింది. లేడు. ఊపిరి అందడం లేదు. ఇంక బయటికి పోకపోతే తనూ ఇక్కడే పడిపోతుందని తెలుస్తోంది. ఎటు తిరిగితే గుమ్మమో కూడా తెలియడం లేదు.

అప్పుడు వెలుగు కనిపించింది.

పైన కాదు, కింద. నేలకి ఆనుకుని, పొగ కిందుగా, వంటింటి వైపు. తెల్లగా కాదు, కొద్దిగా పసుపుగా, అరచెయ్యి అడ్డం పెట్టిన దీపంలా. కదలడం లేదు, రెపరెపలాడడం లేదు. మంట కాదని ఆమెకి వెంటనే తెలిసింది, ఎందుకంటే దాని వైపు నుంచి వేడి రావడం లేదు, చల్లగా తగులుతోంది. ఆలోచించే ఓపిక లేదు. దాని వైపే పాకింది. వంటింటి గడప దగ్గర చేతికి మెత్తగా ఏదో తగిలింది. మామయ్య చెయ్యి. చెంప నేలకి ఆనించి, మోకాళ్ళు ముడుచుకుని, పడుకోబెట్టినట్టు పడుకుని ఉన్నాడు.

చంకల కింద చేతులేసి లాగింది. గుమ్మం దగ్గర పళ్ళ డాక్టరు, పక్కింటావిడ అందుకున్నారు. డాక్టరు మెట్ల మీదే ఆయన్ని పడుకోబెట్టి గుండె మీద నొక్కాడు. మామయ్య దగ్గాడు. ఆ దగ్గు విని టెస్టరమ్మ మెట్టు మీద చతికిలబడింది. 

ఎదురు వరసలో ఆ రోజు ప్రతి ఇంట్లోనూ ఏదో ఒకటి కాలిపోయింది. ఈ మేడలో మామయ్య ఇల్లు తప్ప ఒక్క బల్బు కూడా పోలేదు. కరెంటాఫీసు ఇంజనీరు తనే వచ్చి పెట్టె మార్పించాడు, వానలో తడుస్తూ దగ్గరుండి చూసుకున్నాడు. మేడ వాళ్ళు టెస్టరమ్మకి మెట్ల దగ్గర ఎదురై చేతులు పట్టుకుని మరీ థాంక్స్ చెప్పారు. ఆమెకి ఆ మాట వినడం కన్నా నాలుగు తిట్లు తినడం తేలికనిపించింది. ఎవరికీ జవాబు చెప్పకుండా ప్యానెలు తెరిచి, మామయ్య లైనుని కాంటాక్టరు ఇవతలికి మార్చింది.

తర్వాత ఒక పొద్దుటి పూట ఒంటరిగా ఆ ఇంట్లోకి వెళ్ళింది. దుప్పట్లన్నీ పీకేసింది. ఎండ పడ్డాక వంటింటి గడప దగ్గర కూర్చుని చూసింది. అక్కడ ప్లగ్గు లేదు, తీగ లేదు. వంటింటి కిటికీకి చెక్క తలుపులు, గడియ వేసే ఉంది, పైన మసి కూడా పట్టి ఉంది. వెనక తలుపు కింద సందు లేదు. ఆ రోజు తను పైకి రాకముందే ఇంటికి కరెంటు పోయింది, తన చేత్తోనే పడగొట్టింది. ఎలా చూసినా అక్కడ వెలుగు ఉండడానికి దారి లేదు. తను పాకిన చోట మోకాళ్ళ గుర్తులు మసిలో అలాగే ఉన్నాయి. కుర్చీ దాకా వంకరటింకరగా వెళ్ళాయి, గదిలోకి వెళ్ళాయి, అక్కడ గుండ్రంగా తిరిగాయి. ఆ తర్వాత గడప దాకా గీత గీసినట్టు తిన్నగా వచ్చాయి.

గడప మీద చెయ్యి పెట్టింది. ఎండలో ఇల్లంతా వేడెక్కి ఉంది. ఆ రాయి మాత్రం చల్లగా ఉంది.

మామయ్య ఆసుపత్రి నుంచి నేరుగా టెస్టరమ్మ ఇంటికే వచ్చాడు. ఆమె భర్త లారీ డ్రైవరు, ఎప్పుడూ రోడ్ల మీదే ఉంటాడు కాబట్టి ఇంట్లో ఎక్కువగా వాళ్ళిద్దరే. పొగకి గొంతు పాడైంది, స్టేషను గొంతు ఇక తిరిగి రాలేదు. మనిషి మాత్రం మారిపోయాడు. పొద్దున్నే లేచి నడక, పేపరు, పక్కవాళ్ళతో కబుర్లు. బల్బు సంగతి ఎవరైనా ఎత్తితే సిగ్గుపడేవాడు.

"పిచ్చి ముదిరింది నాకు," అనేవాడు. "తీగ వదులైతే దాంతో కాపురం చేశాను. నా మేనకోడలు చెప్తూనే ఉంది, నేనే వినలేదు."

ఆయన అలా తేలిక పడుతున్న కొద్దీ టెస్టరమ్మకి బరువెక్కేది. పనిలో ఉండగా ఏ ఇంట్లో అయినా కరెంటు ఆపేశాక, చేతిలో టార్చి వెయ్యకుండా ఒక క్షణం ఆగేది. నేల వంక చూసేది. ఏమీ ఉండేది కాదు. అయినా ప్రతిసారీ ఆగేది. ఒకచోట అలా నిలబడిపోతే ఆ ఇంటావిడ కంగారుపడి "షాకు కొట్టిందా అమ్మా?" అని భుజం పట్టుకుని ఊపింది.

ఒక మధ్యాహ్నం ఇద్దరూ భోజనానికి కూర్చున్నారు. మామయ్య మళ్ళీ అదే మాట అన్నాడు, అంతా తీగ మహిమే అని. ఆమె తినడం ఆపింది.

"మామయ్యా, ఆ రోజు కుర్చీలోంచి నువ్వు గడప దగ్గరికి ఎందుకు వెళ్ళావు?"

"నాకేం తెలుసు? బల్బు సూర్యుడిలా వెలగడం, పేలడం, అంతవరకే గుర్తు."

"నాకు నువ్వు కనపడలేదు. ఒక వెలుగు కనపడింది. దాన్ని పట్టుకుని వచ్చాను."

ఆమె అంతా చెప్పింది. బ్రేకరు ముందే పడగొట్టానని, కిటికీ గడియ వేసి ఉందని, అన్నీ చూశానని, కారణం దొరకలేదని చెప్పింది. చెప్తున్నంతసేపూ తన కంచం వంకే చూసింది. ఆయన్ని మళ్ళీ ఆ కుర్చీలోకి తోసేస్తున్నానేమోనని భయం.

మామయ్య కంచం పక్కకి జరిపాడు.

"గడప దగ్గరా? నేల మీదా?"

"అవును."

"మీ అత్తయ్యకి ఆ చిన్న గదంటే గిట్టేది కాదు బుజ్జీ. గాలాడదు అనేది. మధ్యాహ్నం నా కన్ను మూతపడగానే, గోడ పట్టుకుని లేచి వచ్చేది. వంటింటి గడప చల్లగా ఉంటుందని చెంప దానికి ఆనించి పడుకునేది. నేను లేచి చూసి, ఎత్తుకెళ్ళి మళ్ళీ మంచం మీద పడుకోబెట్టేవాణ్ణి. మర్నాడు మళ్ళీ అక్కడే. ఇది మా ఇద్దరికే తెలుసు. నీకు చెబితే గొడవ చేస్తావని ఆవిడ నన్ను చెప్పనివ్వలేదు."

ఆమె తలెత్తి ఆయన వంక చూసింది.

"అయితే ఇన్నాళ్ళూ నేను తప్పు ప్లాట్‌ఫారం మీద కూర్చున్నాను," అన్నాడు మామయ్య. పాడైన గొంతుతోనే నవ్వాడు. ఆ నవ్వు ఎక్కడో దారి తప్పి, ఆయన ఎడమచేత్తో కళ్ళు మూసుకున్నాడు. టెస్టరమ్మ లేచి ఆయన పక్కకి వెళ్ళి కూర్చుంది. మంచినీళ్ళ గ్లాసు అందిస్తే తాగాడు.

కాసేపయ్యాక, "ఆ ఇల్లు ఎవరికైనా అద్దెకిద్దాం," అన్నాడు. "పిల్లలున్న వాళ్ళైతే మంచిది. ఆవిడకి సందడి ఇష్టం."

"పిల్లలు భయపడతారేమో మామయ్యా."

"ఎందుకు భయం? నన్ను బయటికి పంపించిన మనిషి, వాళ్ళనేం చేస్తుంది?" అని, కంచం దగ్గరికి జరుపుకున్నాడు. "మజ్జిగ ఇలా పోయ్. వైరింగు మాత్రం మొత్తం కొత్తది వెయ్యి. ఒక్క స్విచ్చు కూడా తప్పు తీగకి ఉండకూడదు."